చదువు తనిఖీ పల్లె చేతికి రావాలి



మార్కాపురం పలక దేశమంతా పోయింది. ఆ రాయి తవ్విందెవరు? చెక్కి నునుపు చేసిందెవరు? చట్రం బిగించిందెవరు? కూలి జనం. ప్లాస్టిక్ పలకలొచ్చి ఆ పని తగ్గింది. పలకలు చేసిన ఈ సీమలో మన వాడల తల్లులు ఇంకా వేలిముద్ర వేస్తానే ఉన్నారు. దీనికి జవాబు చెప్పాల్సిందెవరు?

అక్షరాస్యత పేరుతో కార్యక్రమాలకు కొదవ లేదు. 1988లో జాతీయ అక్షరాస్యత మిషన్ వచ్చింది. 2021 జూలైలో నిపుణ్ భారత్ వచ్చింది. 2026-27 నాటికి మూడో తరగతి పిల్లలందరికీ చదవను, రాయను, లెక్కలు చేయను రావాలన్నారు. 15 ఏళ్లు దాటిన పెద్దల కోసం 2022 నుంచి 2027 దాకా ఉల్లాస్ పెట్టారు. పేర్లు మారతా ఉంటాయి. ఒకటి మాత్రం మారదు. నడిపేది పైనోళ్లు. తనిఖీ చేసేది పైనోళ్లు. లెక్క రాసేది పైనోళ్లు. చదువు రావాల్సిన మనం మాత్రం ఆ లెక్కలో ఒక అంకె.

అంకెల సంగతీ చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67.02 శాతం. దళితుల్లో 62.28 శాతం. జనాభా లెక్కలోళ్లు పరీక్ష పెట్టరు. ఇంటి దగ్గర అడిగి రాసుకుంటారు. సంతకం నేర్చుకున్నోళ్లు కూడా చదువొచ్చినోళ్ల కింద పడిపోతారు. బ్యాంకు కాయితం చదవలేని మనిషిని అక్షరాస్యుడంటే ఎవరికి లాభం? లెక్క చూపించుకునేవాడికే లాభం.

పిల్లల బడిలోనూ ఇదే తంతు. తనిఖీకి అధికారి వస్తాడు. రిజిస్టరు చూస్తాడు, ఫోన్లో ఎక్కించిన ఫొటోలు చూస్తాడు, టీ తాగి పోతాడు. వెనక బెంచీలో కూర్చున్న మాదిగోళ్ల పిల్లను లేపి నాలుగు వాక్యాలు చదవమ్మా అని అడిగేవాళ్లు ఎంతమంది? మేం పంతుళ్లం. పంతుళ్ల కష్టం మాకు తెలుసు. ఒక్కడే అన్ని తరగతులూ చూసుకునే బడిలో ఫొటోలు, యాప్‌లు, పైనుంచి అడిగే వివరాలు పూర్తయ్యేసరికి బడి గంట కొడతారు. జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధం లేని పని పంతుళ్లకు చెప్పగూడదని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. పంతులుకు టైము ఇవ్వండి, ఆ తర్వాత పిల్లకు చదువెందుకు రాలేదని నిలదీయండి. రెండూ మనమే అడగాలి.

మన జిల్లా చరిత్ర ఒకసారి చూడండి. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మాదిగలను చేర్చుకున్నప్పుడు పై కులాలవాళ్లు మొహం తిప్పుకుని పోయారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషనుకు మతమే ముఖ్యం, కాదనం. గాని అక్షరం మన పల్లెల్లోకి ఎట్లా వచ్చిందో చూడండి. నేర్చుకున్న మాదిగోడే పల్లెకొచ్చి పంతులయ్యాడు. వాడలోనే ఉన్నాడు, వాడ కూడే తిన్నాడు. పిల్లోడికి చదువు రాకపోతే వాడి తల్లి నిలదీసేంత దగ్గర్లో ఉన్నాడు. అసలైన పర్యవేక్షణ అంటే అది.

నెల్లూరు సంగతి ఇంకా దగ్గరిది. 1990 తర్వాత అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. సారాతో కొంప కూలిన ఆడమనిషి కథ చదువుకున్న దూబగుంట ఆడోళ్లు, రోశమ్మ ముందు నడవగా, 1992లో సారా కొట్టు మూయించారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సర్కారు ఎత్తేసింది. అది వేరే పోరాటం. మనం పట్టుకోవాల్సింది ఏందంటే, పాఠంలో వాళ్ల బతుకుంది గాబట్టి అక్షరం నోటికొచ్చింది, నోటికొచ్చిన అక్షరం కాలికి బలమిచ్చింది. "అరటి, ఆవు" దగ్గరే ఆగిపోయిన చదువు ఏ కొట్టునూ మూయించలేదు.

చదువు రాని తల్లిదండ్రులు బడినేం తనిఖీ చేస్తారని కొందరు నవ్వుతారు. చేయగలరు. పనికాడి మస్టరు పేర్లు వాడలో అందరికీ తెలుసు. ఆ కాయితం పిల్లోడి చేతికివ్వండి. పేర్లు వరసగా చదివితే వచ్చినట్టు, తడబడితే రానట్టు. దీనికి డిగ్రీ అక్కర్లేదు.

ఇప్పుడు మనం చేయాల్సిన పనులు చెప్తాం.

విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడోళ్లు కావాలి. బలహీనవర్గాల తల్లిదండ్రులకు వాళ్ల వంతు చోటు దక్కాలి. బడి పని చూడటం ఆ కమిటీ హక్కు. మన పేర్లు రాసుకుని ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుపోతే ఒప్పుకోవద్దు. మీటింగు పెట్టమనండి, కుర్చీలో కూర్చోండి, అడగండి.

నెలకోసారి వాడ నడిమధ్యన, అందరూ చూస్తుండగా పిల్లల చేత చదివించండి. పంతుల్ని పిలవండి, గౌరవంగా కూర్చోబెట్టండి. రాని పిల్లను కొట్టొద్దు, తిట్టొద్దు, నవ్వొద్దు. ఆ పిల్లకు ఏం కావాలో మాత్రం అందరి ముందూ తేల్చండి.

పెద్దల చదువుకు మన వాడలో డిగ్రీ చదివి కూర్చున్న పిల్లల్నే పెట్టాలి. ఉల్లాస్‌లో చదువు చెప్పేవాళ్లను జీతం లేని సేవకులుగా పిలుస్తున్నారు. తాతల కాలంలో వెట్టి చేశాం. మనవల చేత అక్షరాల వెట్టి చేయిస్తారా? పనికి తగ్గ కూలి ఇవ్వాల్సిందే. 150 మార్కుల పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు గదా, ఆ పరీక్ష మన వాళ్లే రాస్తున్నారా, వాళ్ల పేరుతో ఇంకొకళ్లు రాస్తున్నారా అన్నది కూడా వాడే కనిపెట్టుకోవాలి.

ఇక వలస. వానల్లేక మిరపకాయల కోతలకు గుంటూరు వైపు పోయే ఇళ్లలో పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. తిరిగొచ్చేసరికి ఒత్తులూ గుణింతాలూ పోయుంటాయి. కోతలు మొదలవక ముందే సీజనల్ హాస్టల్ తెరవమని మండల ఆఫీసు ముందు కూర్చోవాలి. పిల్లలు వెళ్లిపోయినాక తెరిచి ఏం లాభం?

బాబాసాహెబ్ బోధించు అన్న మాట ముందు చెప్పాడు. బోధించే పనిని పైవాళ్లకు వదిలిపెట్టమని ఎక్కడా చెప్పలేదు. 1985లో కారంచేడు తర్వాత మనం మన నాయకత్వాన్ని మనమే తయారు చేసుకున్నాం. బడి విషయంలోనూ అంతే. మాల పల్లె, మాదిగ పల్లె, చెంచుగూడెం, ఎక్కడికక్కడ ఒక చదువు కమిటీ లేవాలి. వచ్చే పున్నమి లోపు మొదటి మీటింగు పెట్టుకోండి.

జై భీమ్.