ఊరికే వచ్చే లౌంజు

మన కన్సల్టెంట్లు నలుగురు ఏ వీకెండు పాట్‌లక్‌లోనో కలిస్తే మొదట గ్రీన్‌కార్డు కబుర్లు, తర్వాత ఇళ్ళ రేట్లు, బిర్యానీ ప్లేట్లు చేతికొచ్చేసరికి విమానాల కబుర్లు. "నాది ప్లాటినం", "నాకు ఈ డిసెంబరుకి డైమండ్ వచ్చేస్తుంది", "మొన్న ఫస్ట్ క్లాసు అప్‌గ్రేడు తగిలింది". ఎంసెట్ ర్యాంకు ఎవరూ అడగని వయసొచ్చాక మనకి దొరికిన కొత్త ర్యాంకు ఇది.

నేనూ ఆ తానులో ముక్కనే. మూడేళ్ళుగా కొలంబస్‌లో ఇల్లు, ఫీనిక్స్‌లో క్లయింటు. సోమవారం చీకటితో బయల్దేరడం, గురువారం అర్ధరాత్రి ఇల్లు చేరడం. కాబట్టి అందని ద్రాక్ష పుల్లన అంటున్నాడని అనుకోకండి. ద్రాక్ష అందింది, తిన్నాను, లౌంజులో చీజు పక్కనే పెడతారు కూడా! నేను చెప్పేదల్లా ఒక్కటే. ఆ లౌంజూ, ఆ అప్‌గ్రేడూ మనకి ఊరికే రావట్లేదు. వాటి బిల్లు మనం కడుతున్నాం, మన ఇంట్లోవాళ్ళు కూడా కడుతున్నారు. ఎలాగో నా సొంత కథే చెప్తాను.

పోయినేడు అమ్మానాన్న వచ్చారు. నాన్న కరెంటు ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు చేసి రిటైరయ్యారు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఇద్దర్నీ గ్రాండ్ కాన్యన్‌కి తీసుకెళ్ళాను. తిరుగు ప్రయాణానికి ఫీనిక్స్ నుంచి కొలంబస్‌కి నేరుగా వెళ్ళే విమానం ఉంది, నాలుగు గంటలు కూడా పట్టదు. కానీ అది నాకు హోదా ఉన్న కంపెనీది కాదు. మన కంపెనీలో అయితే మధ్యలో ఇంకో ఊళ్ళో దిగి, నాలుగు గంటలు కూర్చుని, మళ్ళీ ఎక్కాలి. ధర దాదాపు ఒకటే. నాకు పై మెట్టు రావడానికి ఇంకో మూడొందల డాలర్ల ఖర్చు తక్కువుంది. ఏది బుక్ చేసుంటానో మీకీపాటికి అర్థమైపోయుంటుంది.

ఇందులో తమాషా ఏంటంటే అమ్మానాన్నల టికెట్లు నా లెక్కలోకి రావు. ఎవరి ప్రయాణం వాళ్ళ ఖాతాకే. అంటే నా ఒక్కడి టికెట్టు కోసం ముగ్గురం చుట్టు తిరిగాం. "మధ్యలో లౌంజు ఉంది నాన్నా, హాయిగా సోఫాల్లో కూర్చోవచ్చు, భోజనం కూడా అక్కడే" అని గొప్పగా చెప్పాను.

లౌంజు గుమ్మం దగ్గర అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది, మీతో ఒక్క గెస్టుకే అనుమతి అని. మూడో మనిషికి డబ్బు కడతానన్నాను. లోపల రద్దీగా ఉంది, ఇవాళ పాసులు అమ్మడం లేదంది. అమ్మ వెంటనే "మీరిద్దరూ వెళ్ళిరండిరా, నేనిక్కడ సంచుల దగ్గర కూర్చుంటా" అంది. నాన్న "నాకు ఆకలిగా లేదు, అమ్మని తీసుకెళ్ళు" అన్నారు. చివరికి ఎవరం వెళ్ళలేదు. గేటు దగ్గర కుర్చీల్లో కూర్చుని పొద్దున అమ్మ డబ్బాలో పెట్టిన పులిహోర తిన్నాం. నాన్న కాళ్ళు వాచాయి.

కథ అక్కడితో అయిపోలేదు. బోర్డింగుకి ముందు గేటు దగ్గర తెర మీద నా ఇంటిపేరులో మూడక్షరాలు మెరిశాయి. అప్‌గ్రేడు! నాకు ఒక్కడికే. అమ్మని కూర్చోమన్నాను. "భాష రాదు, ఏదో అడుగుతారు, ఒక్కదాన్నీ నేనుండలేను" అంది. నాన్ననడిగితే "నీకిచ్చారు, నువ్వే కూర్చో, వద్దంటే బాగోదు" అన్నారు. ఆయన దృష్టిలో అది ఆఫీసువాళ్ళు కొడుక్కి చేసిన సన్మానం. కూర్చున్నాను. నేను రెండో వరుసలో, వాళ్ళు ఇరవయ్యేడులో. దిగాక అమ్మ ఎంతో ఆసక్తిగా అడిగింది, "ఏం పెట్టార్రా అక్కడ?" అని. చిప్సు ప్యాకెట్టు, నారింజ రసం అని చెప్పాను.

ఆ రోజు తప్పు విమానం కంపెనీది కాదు. వాళ్ళ నియమాలు వాళ్ళు ముందే రాసిపెట్టారు. వాటి చుట్టూ నా ఇంటి ప్రయాణాన్ని వంకర తిప్పింది నేను. మీలో ఎంతమంది గురువారం సాయంత్రం నేరుగా ఇంటికొచ్చే విమానం వదిలేసి, హోదా కోసం రెండు ఎక్కి, పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరారో లెక్క వేసుకోండి. వారానికి రెండు గంటలు పోయినా ఏడాదికి నూరు గంటలు. ఆ నూరు గంటలకి కంపెనీ ఇచ్చింది ఎంతని ఎప్పుడైనా లెక్కగట్టామా? ప్రాజెక్టులో అరగంట ఎస్టిమేటు తేడా వస్తే పోట్లాడే జాతి మనది!

"మన జేబులోంచి పోయేదేముంది, టికెట్టు క్లయింటు కడతాడుగా" అంటారు. అక్కడికే వస్తున్నా. అసలు ఈ వ్యాపారం నిలబడిందే ఆ మాట మీద. అమెరికాలో 1978లో విమానాల ధరల మీద ప్రభుత్వ నియంత్రణ తీసేశారు. పోటీ పెరిగింది. 1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్వాంటేజ్ పథకం పెట్టింది. సేబర్ అనే తమ రిజర్వేషన్ సిస్టమ్‌లోని డేటా తవ్వి, మాటిమాటికీ ఎక్కేవాళ్ళెవరో పట్టుకున్నారు. అంటే మనలాంటివాళ్ళు రాసిన సాఫ్ట్‌వేరే మనలాంటివాళ్ళని పట్టింది. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ కూడా తన పథకం దించింది. ఇందులో కిటుకు ఏంటంటే, టికెట్టుకి డబ్బు కట్టేది ఒకరు, విమానం ఎంచుకునేది ఇంకొకరు. ఎంచుకునేవాడికి చిన్న బహుమతి పడేస్తే కట్టేవాడు ఎక్కువ కడతాడు.

మనూళ్ళో సిమెంటు కొనే మేస్త్రీ కొట్టువాడి దగ్గర బస్తాకింత అని తీసుకుంటే దాన్ని కమీషను అంటాం, నాలుగు తిడతాం. నేను నూట ఎనభై డాలర్లు ఎక్కువున్న టికెట్టు కొని, కారణం కాలమ్‌లో "మీటింగు టైముకి ఇదే కుదురుతుంది" అని రాసి, ఆ ఖర్చు మీద వచ్చిన పాయింట్లు నా ఖాతాలో వేసుకున్నప్పుడు దాన్ని మాత్రం లాయల్టీ అన్నాను. జర్మనీలో 2002లో గ్రెగర్ గీజీ అధికారిక ప్రయాణాల మైళ్ళు సొంతానికి వాడుకున్నందుకు బెర్లిన్ రాష్ట్ర మంత్రి పదవికి రాజీనామా చేశాడు. మన కేంద్ర ఆర్థికశాఖ కూడా సర్కారు ఖర్చుతో వచ్చిన మైళ్ళు సర్కారు పనికే వాడాలని ఉద్యోగులకి 2010లో చెప్పింది. అమెరికాలో మాత్రం పన్నుల శాఖవాళ్ళే అదే 2002లో వ్యాపార ప్రయాణాల మైళ్ళ మీద పన్ను అడగబోమని ప్రకటించారు. చట్టం ఒప్పుకుంటుంది, నిజమే. కానీ క్లయింటు ఎదురుగా చెప్పుకోలేని పని అని మనకి తెలుసు కదా.

సరే, నీతులు పక్కన పెడదాం. పోనీ ఈ హోదా అయినా నిలకడగా ఉంటుందా? 1981లోనే అమెరికన్ ఎయిర్‌లైన్స్ రెండున్నర లక్షల డాలర్లకి జీవితాంతం ఫస్ట్ క్లాసులో ఎంతైనా తిరిగే పాసు అమ్మింది. బాగా ఎక్కువ తిరిగిన ఇద్దరి పాసుల్ని దుర్వినియోగం చేశారంటూ 2008లో రద్దు చేసింది. జీవితాంతం అని అచ్చువేసి అమ్మినదాని గతే అది. ఏడాదికోసారి కొత్తగా సంపాదించుకోవాల్సిన మన ప్లాటినం ఎంత?

డెల్టా 2015లో మైళ్ళని దూరం బట్టి కాక ఖర్చు బట్టి ఇవ్వడం మొదలెట్టింది. 2023 సెప్టెంబరులో లౌంజు నియమాలు బాగా బిగించి, గోల లేచాక కొంత వెనక్కి తగ్గింది. అయినా 2025 ఫిబ్రవరి నుంచి అమెక్స్ ప్లాటినం కార్డున్నవాళ్ళకి ఆ లౌంజులు ఏడాదికి 10 సార్లే. అంతకు మించి కావాలంటే కార్డు మీద ఏడాదికి 75,000 డాలర్లు గీకాలి. ఇక అప్‌గ్రేడులంటారా, ఒకప్పుడు మిగిలిపోయే ఫస్ట్ క్లాసు సీట్లని ఇప్పుడు కాస్త అదనపు డబ్బుకి ఫోన్‌లోనే అమ్మేస్తున్నారు. మనకి మిగిలేది తెర మీద పేరు చూసుకునే భాగ్యం.

ఎందుకిలా అంటే, వాళ్ళ అసలు కస్టమరు మనం కాదు, బ్యాంకు. మైళ్ళని బ్యాంకులకి టోకున అమ్ముతారు. డెల్టాకి అమెక్స్ నుంచి 2023లో వచ్చింది దాదాపు 700 కోట్ల డాలర్లు. 2020లో కరోనాతో విమానాలు నేల మీద కూర్చున్నప్పుడు యునైటెడ్ తన మైళ్ళ పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది, డెల్టా 900 కోట్లు. మన లాయల్టీని కుదువపెట్టుకోవచ్చు వాళ్ళు, మనం మాత్రం ఆ పాయింట్లతో పాల ప్యాకెట్టు కొనలేం.

ఇదంతా అమెరికా గోల, మాకేంటి అని హైదరాబాదు, బెంగుళూరు తమ్ముళ్ళు అనుకోకండి. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయినప్పుడు దాని మైళ్ళు ఏమయ్యాయో మీ సీనియర్లనడగండి. కార్డు మీద రెండు రూపాయలు గీకి లౌంజులో ఇడ్లీ, ఉప్మా తిన్న రోజులు గుర్తున్నాయా? 2024 ఏప్రిల్ నుంచి ఐసీఐసీఐ తన చాలా కార్డులకి ముందు మూడు నెలల్లో 35,000 రూపాయల ఖర్చు చూపించమంది. మిగతా బ్యాంకులూ ఆ దారే పట్టాయి. కార్డులకీ లౌంజులకీ మధ్యవర్తిగా ఉన్న డ్రీమ్‌ఫోక్స్ 2025 సెప్టెంబరులో దేశీయ లౌంజు సేవలే ఆపేసింది. ఇడ్లీ కోసం మూడు నెలలకి 35,000 ఖర్చు చేసేవాడిని లౌంజు మెంబరు అనరు, ఇంకేదో అంటారు.

లౌంజు పనికిరాదని నేననడం లేదు. మంచు కురిసి విమానం రద్దయిన రాత్రి, బయట రెండొందలమంది క్యూలో ఉన్నప్పుడు, లోపల డెస్కు మనిషి ఐదు నిమిషాల్లో నాకు వేరే విమానం పట్టిచ్చింది. పని రోజుల్లో దారిలో ఉంటే వెళ్ళండి, కాఫీ తాగండి, స్నానం చెయ్యండి. అవసరమైన రోజున పాసు దొరికితే కొనుక్కోండి. దాని కోసం దారి మాత్రం మార్చుకోకండి. నేరుగా వెళ్ళే విమానం ఉంటే అదెక్కండి, ఏ కంపెనీదైనా సరే. పక్కన ఇంట్లోవాళ్ళున్నప్పుడు ఒక్క సీటు అప్‌గ్రేడు వస్తే వద్దని చెప్పండి. బాగానే ఉంటుంది.

ఈ డిసెంబరుతో నా ప్లాటినం పోతోంది. నిలబెట్టుకోవడానికి ఇంకెంత ఖర్చు పెట్టాలో గుర్తుచేస్తూ మెయిళ్ళొస్తున్నాయి. అమ్మానాన్న వచ్చే వేసవికి మళ్ళీ వస్తామన్నారు. ఈసారి నయాగరా. కొలంబస్ నుంచి కారులో ఐదారు గంటలు. డబ్బాలో పులిహోర ఎలాగూ ఉంటుంది, ముగ్గురం ఒకే వరుసలో.. అదే, ఒకే కారులో వెళ్తాం.