తొమ్మిది కళ్ల పూస

టిబెటన్ల మెడలో బంగారాన్ని మించి విలువ కట్టేది ఒక రాతిపూసకి. వేలెడంత కూడా ఉండదు. ముదురు గోధుమ రంగు మీద తెల్లటి గీతలు, గుండ్రటి కళ్లు. పేరు జీ. తొమ్మిది కళ్లున్న పాత పూస దొరికితే లక్షలు పలుకుతుంది. అది మనిషి చేసింది కాదంటారు. ఒకప్పుడది పాకే పురుగట, మనిషి చెయ్యి తగలగానే రాయైపోయిందట. దేవతలు తొడుక్కుని, చిట్లినవాటిని కిందికి విసిరేశారని ఇంకో కథ.

జీ వేసుకుంటే గ్రహపీడ, పక్షవాతం, ప్రమాదాలు దగ్గరికి రావని నమ్మకం. మరి పూసే పగిలితే? యజమానికి రావాల్సిన కీడుని అది తన మీద వేసుకుందంటారు. ఏమీ జరగకపోతే పూస కాపాడినట్టు, పగిలితే ఇంకా బాగా కాపాడినట్టు! మన గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయ కుళ్లితే ‘దిష్టంతా లాగేసింది’ అనుకోవడం లేదూ? ఫిరోజా రాయి పచ్చబారినా ఇదే వరస: ఒంట్లోని జబ్బుని లాక్కుందంటారు. ఆ రాయికి సన్నటి రంధ్రాలుంటాయి. చర్మం మీది నూనె, చెమట పీల్చుకుంటే రంగు మారుతుంది.

ఇలాంటి మాటని ఏ సంఘటనా తప్పని నిరూపించలేదు. అయితే పూసనీ, అలాంటి రక్షలనీ పరీక్షకి పెట్టగల చోట్లు కొన్ని ఉన్నాయి.

మొదటిది కొలిమి. మొహెంజొదారోలో తవ్వకాలు జరిపిన ఎర్నెస్ట్ మెకే, సింధ్‌లోని సెహ్వాన్‌లో ఒక ముసలి పనివాడు ఎర్రరాతి పూసల మీద తెల్లటి నగిషీ ఎలా వేస్తాడో 1933లో రాశాడు. మొక్క రసంలో చాకలి సోడా కలిపి, కలంతో రాతి మీద గీసి, ఆరబెట్టి, బొగ్గుల నిప్పులో కాల్చడం. బయటికి తీసి తుడిస్తే తెల్లటి గీతలు. దాదాపు నాలుగున్నర వేల ఏళ్ల కిందటి హరప్పా పనివాళ్ల విద్యా ఇదే. జీ మీది కళ్లూ ఈ కోవకి చెందిన పనే. పురుగుకి దక్కిన ఘనత ఆ పనివాడికి దక్కలేదు.

రెండోది కడుపు. పాత జీల మీద చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. మందులో కలపడానికి పొడి గోకిన గుర్తులవి. పూస అసలు పదార్థం సిలికా. జీర్ణాశయంలోని ఆమ్లం దాన్ని కరిగించలేదు.

మూడోది యుద్ధభూమి. 1904 మార్చి 31న గురు అనే ఊరి దగ్గర, టిబెట్‌లోకి చొరబడిన యంగ్‌హస్బెండ్ బ్రిటిష్ దండు టిబెటన్ సైనికులకి ఎదురుపడింది. వాళ్ల దగ్గర కత్తులు, నాటు తుపాకులు, గుళ్లు తగలకుండా లామాలిచ్చిన రక్షలు. మాగ్జిమ్ తుపాకులు పేలాక కాసేపట్లోనే ఆరు వందల మందికి పైగా కూలిపోయారు.

నమ్మకమైనా ఆచారమైనా, ఎంత పాతదైనా దాన్ని వదిలించడం అసాధ్యమేమీ కాదు. 2006 జనవరిలో మన అమరావతిలో జరిగిన కాలచక్ర అనే బౌద్ధ ఉత్సవంలో దలైలామా, పులి, చిరుత తోళ్లు తొడుక్కోవద్దని టిబెటన్లని కోరాడు. కొద్ది వారాల్లోనే టిబెట్‌లో వాటిని కుప్పలు పోసి కాల్చారు. అయితే అది గురువు మాటకి కట్టుబడి చేసిన పని, తర్కించి చేసింది కాదు. విజ్ఞానశాస్త్రం తప్పని తేల్చిన దాన్ని బౌద్ధం వదులుకోవాలని అంతకు ముందటేడు, 2005లో, ఆయనే ఒక పుస్తకంలో రాశాడు. ఆయనుండే ధర్మశాలలోని టిబెటన్ వైద్య సంస్థ మెన్-త్సీ-ఖాంగ్ మాత్రం ముత్యం, పగడం, ఫిరోజా పొడులు కలిపిన ‘రత్నమాత్రలు’ ఇప్పటికీ తయారుచేస్తోంది.