పోయేవాళ్లకు శాలువా

మొన్న సాయంత్రం మా అక్క కూతురు ఆఫీసు నుంచి శాలువా, గోడగడియారం, మిఠాయి పొట్లం పట్టుకొచ్చింది. "బహుమతా అమ్మా?" అన్నాను మురిసిపోతూ.

"కాదు పిన్నీ, ఉద్యోగం మానేశాను. వీడ్కోలు సభ చేశారు" అంది.

ఏడేళ్లు చేసిందక్కడ. ఆ ఏడేళ్లలో ఒక్కరూ ఒక్క మంచిమాట అన్న పాపాన పోలేదట. ఆ రోజు మాత్రం అరగంటసేపు పొగిడారట! పోయినవాళ్లంతా మంచివాళ్లనడం మనకి అలవాటే గానీ, బతికున్న పిల్లకి ఇదేం చోద్యమండీ?

ఇంతకీ ఎందుకు మానేసిందంటారా? తన దగ్గర పని నేర్చుకున్న కొత్త కుర్రాడికి తనకంటే జీతం ఎక్కువని తెలిసింది. అడిగితే, "బయట రేటు అలా ఉందమ్మా" అన్నారట. పెరటిచెట్టు మందుకు పనికిరాదు మరి! పురుడు పోసుకుని తిరిగి వెళ్లేసరికి మంచి పనులన్నీ చెయ్యిజారిపోయాయి. "నీకు ఇబ్బందని" ఇవ్వలేదట. ఎంత దయ!

రాజీనామా ఇచ్చాక మానవ వనరుల శాఖవారు పిలిచి, కాఫీ ఇప్పించి, "మీరు ఎందుకు వెళ్లిపోతున్నారు?" అని అడిగారు. చేతులు కాలాక ఆకులు! ఆ కాఫీ ఏదో రెండేళ్ల కిందట ఇప్పిస్తే వాళ్ల సొమ్మేం పోయింది? పూర్వం దాన్ని పర్సనల్ డిపార్ట్‌మెంట్ అనేవారు. ఇప్పుడు బొగ్గు, ఇనుములాగే మనిషీ వనరయ్యాడు. బొగ్గయితే అలిగి వెళ్లిపోదు కదా!

"ఈ కాలం పిల్లలకి నిలకడ లేదు" అని ఆ శాఖవారి వాదన. నేనొప్పుకోను. అమెరికాలో ఫోర్డు మోటారు కంపెనీ 1913లో సుమారు 14 వేలమందిని పనిలో నిలుపుకోవడానికి ఏడాదిలో 50 వేలమందికి పైగా చేర్చుకోవలసి వచ్చింది. అప్పటివాళ్లకీ నిలకడ లేదా? 1914 జనవరిలో రోజుకూలి దాదాపు రెట్టింపు చేసి 5 డాలర్లన్నారు, తొమ్మిది గంటల పని ఎనిమిదికి తగ్గించారు. వలస ఇట్టే తగ్గిపోయింది. అయితే ఆ 5 డాలర్లు మొదట్లో ఆడవాళ్లకి ఇవ్వలేదండోయ్! అంతదూరం దేనికి, మన జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో 1912లోనే ఎనిమిది గంటల పని పెట్టారు. 1920లో ప్రావిడెంట్ ఫండు, 1928లో ప్రసూతి సాయం వచ్చాయి. చట్టం కళ్లెర్రజేసే దాకా ఆగలేదు వాళ్లు.

2017లో చట్టం సవరించి ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలు చేశారు. సంతోషమే. కానీ చట్టం సెలవు ఇప్పించగలదు గానీ, తిరిగొచ్చిన పిల్లకి పాత మర్యాద ఇప్పించగలదా? అది ఆ శాఖవారి పని. ఉన్నవాళ్లని అప్పుడప్పుడు పిలిచి "ఎలా ఉన్నావమ్మా?" అని అడగడం, విన్నది పైవాళ్ల చెవిన వెయ్యడం - ఇంతేనండీ ఆ పని! దానికి పెద్ద పెద్ద చదువులెందుకు?

ఇంత ఆవేశంగా రాస్తుంటే పెరట్లో గిన్నెల చప్పుడు వినిపించింది. మా పనమ్మాయి ఆరేళ్లుగా చేస్తోంది. ఎదురింట్లో కొత్తగా చేరినామెకి మేమిచ్చేదానికంటే ఎక్కువిస్తున్నారని నాకు తెలుసు. ఆ సంగతి దీనికి తెలియకపోతే బాగుండునని రెండు నెలలుగా దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నదీ నేనే!

కలం పక్కన పెట్టి పెరట్లోకి వెళ్లాను. జీతం పెంచుతున్నానని చెబితే అది కంగారుపడి, "ఏమ్మా, నన్ను మానిపించేస్తున్నారా?" అంది.

అడక్కుండా పెంచడం ఎవరింట్లోనూ చూళ్లేదు పాపం!