తెరపై మన ప్రతిబింబం

టెలివిజన్ చూడటం కాలాన్ని వృథా చేసుకోవడమేనని పెద్దలు తరచుగా మందలిస్తుంటారు. ఆ మందలింపులో సత్యం లేకపోలేదు. అయినా చూసే కన్నును బట్టి చూపు విలువ మారుతుంది. ‘ఈ కథలో ఎవరున్నారు? ఎవరు లేరు? దీనిని వ్రాసినది ఎవరు?’ అని ఆలోచిస్తూ చూసేవారికి టెలివిజన్ ఒక పాఠశాల కాగలదు. అమెరికా రచయిత్రి లీనా వెయిత్ జీవితమే ఇందుకు నిదర్శనం.

లీనా వెయిత్ 1984లో షికాగో నగరంలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించారు. బాల్యంలో ఆమెను విశేషంగా ఆకర్షించిన ధారావాహిక ‘ఎ డిఫరెంట్ వరల్డ్’. 1987 నుండి 1993 వరకు ప్రసారమైన ఆ ధారావాహికలోని కథ ‘హిల్‌మన్’ అనే కల్పిత కళాశాలలో జరుగుతుంది. వర్ణవివక్ష కారణంగా ఇతర విద్యాలయాల తలుపులు మూసుకొని ఉన్న కాలంలో నల్లజాతివారి ఉన్నత విద్య కొరకు వెలసిన కళాశాలలకు అది ప్రతిరూపం.

ఆ కళాశాలలో గణితంలో దిట్ట అయిన డ్వేన్ ఉన్నాడు. సంపన్న గృహంలో గారాబంగా పెరిగిన విట్లీ ఉన్నది. పని చేసుకొంటూ వైద్యవిద్య కొరకు శ్రమించే కిమ్ ఉన్నది. కథలో నల్లజాతి పాత్ర ఒక్కటే ఉంటే, దాని గుణదోషాలను లోకం ఆ జాతికంతటికీ ఆపాదిస్తుంది. అటువంటివారు అనేకులున్నప్పుడు ఒకరు తెలివైనవారు కావచ్చు, మరొకరు గర్విష్ఠి కావచ్చు. అప్పుడే ప్రతి పాత్ర ఒక మనిషిగా నిలుస్తుంది. ప్రాతినిధ్యమంటే తెరపైనున్న ముఖాలను లెక్కించడం కాదని ఈ ధారావాహిక నిరూపించింది.

‘పరకాయ ప్రవేశం చేయగలవాడే రచయిత, ఎవరి కథనైనా ఎవరైనా వ్రాయవచ్చు కదా!’ అని కొందరు వాదిస్తారు. ఈ వాదాన్ని తోసిపుచ్చలేము. అయితే పరకాయ ప్రవేశానికి ముందు ఆ మనిషి మాట వినాలి. ‘మాస్టర్ ఆఫ్ నన్’ ధారావాహికలో డెనీస్ పాత్రను రచయితలు మొదట ఒక శ్వేతజాతి యువతిగా ఊహించారు. లీనాను కలుసుకొన్న పిమ్మట ఆ పాత్రను ఆమె స్వభావానికి అనుగుణంగా మార్చి, ఆమెచేతనే నటింపజేశారు. తాను స్త్రీనే ప్రేమిస్తానని తల్లికి చెప్పడానికి ఆమె పడిన సంఘర్షణను విని, ఆ కథను వ్రాయుమని ప్రోత్సహించారు. ఆ విధంగా రూపొందినదే ‘థాంక్స్ గివింగ్’ అనే భాగం. ఒకే ఇంటిలో, ఒకే పండుగ విందు వద్ద, ఏటేటా కూడే కుటుంబం మౌనం నుండి అంగీకారానికి చేరుకొనే తీరును అది చిత్రించింది. తమిళ దంపతులకు అమెరికాలో జన్మించిన అజీజ్ అన్సారీతో కలిసి చేసిన ఈ రచనకు 2017లో ఎమ్మీ పురస్కారం లభించింది. హాస్య ధారావాహిక రచనకు ఆ గౌరవం పొందిన తొలి నల్లజాతి మహిళ లీనా వెయిత్.

తదనంతరం ఆమె షికాగోలోని నల్లజాతి ప్రజల నిత్యజీవితాన్ని ‘ది షై’ ధారావాహికగా మలిచారు. అది 2018లో ప్రసారం కాసాగింది. తన నిర్మాణ సంస్థకు ఆమె ‘హిల్‌మన్ గ్రాడ్’ అని పేరు పెట్టుకొన్నారు. హిల్‌మన్ పట్టభద్రురాలు అని దాని భావం. లోకంలో ఎన్నడూ లేని కళాశాల పేరును ఆమె గురుదక్షిణగా నిలుపుకొన్నారు.

తెరపై తమవంటివారిని చూసిన బాలలకు ‘మేమూ కాగలము’ అన్న విశ్వాసం కలుగుతుంది. ఎన్నడూ చూడనివారికి తమ జీవితం కథకు తగినది కాదేమోనన్న న్యూనత మిగులుతుంది. ఆ న్యూనతను తొలగించడం రచయితల బాధ్యత. తెరపై కనిపించేవారిని చూడటంతో తృప్తి చెందక, కనిపించనివారిని గురించి ఆలోచించడం ప్రేక్షకుల బాధ్యత. ఆ ఆలోచన గల ప్రేక్షకుల నుండే రేపటి రచయితలు ఉద్భవిస్తారు.