పిప్పి ధూళి – పరిహారము

1931లో మంజీరపై నిజాంసాగరము పూర్తియగుటచే బోధన్ ప్రాంతమున చెఱకు విస్తరిల్లెను. 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. 2015 డిసెంబరులో అది మూతపడెను. కర్మాగారము మూతపడినంతమాత్రమున అందు పనిచేసినవారికి గలిగిన వ్యాధులు మూతపడవు.

రసము తీయగా మిగిలిన పిప్పి బాయిలర్లకు ఇంధనము. అప్పుడే వెలువడిన తడిపిప్పి వలన అంత భయము లేదు. కుప్పవేసి నిలువయుంచినచో అది లోలోన వేడెక్కి బూజుపట్టును. దానిని కదలించినపుడు లేచు ధూళిని పీల్చిన కూలీకి కొన్ని గంటలలోనే చలిజ్వరము, దగ్గు, ఆయాసము కలుగును. పలుమారులైనచో ఊపిరితిత్తులు శాశ్వతముగ చెడును. దీనికి బగాసోసిస్ అని పేరు. వైద్యుడు దీనిని క్షయ యనియో, ఉబ్బస మనియో వ్రాసెనేని కూలీ దావా అచ్చటనే ముగిసినట్లు!

1923 నాటి పరిహార చట్టపు పట్టికలో ఈ వ్యాధి పేరు కలదు. 2020 సామాజిక భద్రతా స్మృతియు దానిని నిలిపినది. నిర్ణీతకాలము ఆ పనిలో ఎడతెగక యున్నవానికి ఇది సోకినచో, కాదని రుజువగునంతవరకు పనివలన గలిగినదనియే యెంచవలెను. ఇంత మేలైన సూత్రముండియు ఫలమేమి? ఎంతకాలము పనిచేసెనో తెలుపు హాజరుపట్టీ యజమాని బీరువాలో నుండును. గుత్తేదారు క్రింది కూలీకి అదియు నుండదు. పాత చట్టము దావాకు రెండేండ్ల గడువు పెట్టినది. తగిన కారణమున్నచో ఆలస్యమును మన్నించు అధికారము కమిషనరున కొసగినది. తన వ్యాధి పేరే తెలియకుండుట తగిన కారణము గాదా?

కార్మికశాఖవారు పాత హాజరుపట్టీలను భద్రపఱచి, అడిగినవారికి నకళ్లు ఉచితముగ నీయవలెను. పిప్పికుప్పలకడ పనిచేసినవారికి నిజామాబాదు ప్రభుత్వాసుపత్రిలో శ్వాసపరీక్షలు జరుపవలెను. తాము చేసిన పనిని, చేసిన యేండ్లను వైద్యుని చీటీపై వ్రాయించుకొనుట కార్మికులు మఱువరాదు.