‘పట్నం సోకు’ అనేవాళ్లకు జవాబు

2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఒక మాట రాసిచ్చింది. మగవాళ్లిద్దరో, ఆడవాళ్లిద్దరో పెళ్లాడే హక్కు అడగడం పట్నాల పైవర్గాల ఆలోచనట! తిరువూరు మండలంలో బడిపంతుల్ని, అడుగుతున్నా: మా ఏడో తరగతి పిల్లాడు ఏ పట్నం నుంచి వచ్చాడు? మాదిగవాడలో పుట్టాడు. వాడు ఎవర్ని ప్రేమిస్తాడో ఎవరికీ తెలీదు. నడక చూసే ‘కొజ్జా’ అని ఏడిపించారు. బడి మానేశాడు. ఆ నవ్వుల్లో మన వాడ నవ్వూ ఉంది. విని ఊరుకున్న తప్పు నాది.

సంప్రదాయం అంటారు. ఎవరి సంప్రదాయం? 377 సెక్షన్ రాసింది 1860లో తెల్లదొరలు. 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి కొన్ని జాతుల్ని పుట్టుదొంగలన్నారు. అదే చట్టంలో హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరుకెక్కించమన్నారు. మన ఎరుకలోళ్లను స్టువార్టుపురంలో కట్టడి చేసిందీ ఆ చట్టాల వరసే. మన పొలిమేర అవతల నిజాం రాజ్యంలో 1919లో హిజ్రాల చట్టం వచ్చింది. రిజిస్టరుకెక్కిన హిజ్రా ఆడబట్టలతో బజార్లో కనబడితే వారంటు లేకుండా అరెస్టే! దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసేసరికి 2023 జులై అయింది.

2009లో ఢిల్లీ హైకోర్టు బాబాసాహెబ్ చెప్పిన రాజ్యాంగ నీతిని ఎత్తిచూపి 377 కోరలు పీకింది. అప్పుడు చూడాలి తమాషా! ఒక జ్యోతిష్యుడు, యోగా గురువు రాందేవ్ ప్రతినిధి, ముస్లిం పర్సనల్ లా బోర్డు, క్రైస్తవ సంఘాలు ఒకరెనక ఒకరు సుప్రీంకోర్టుకెక్కారు. రెండు గ్లాసుల మీద ఎప్పుడన్నా ఇట్లా ఒక్కటయ్యారా? 2013 డిసెంబరు 11న నెగ్గారు. అప్పటి బీజేపీ అధ్యక్షుడు రాజ్‌నాథ్ సింగ్ మా మద్దతు 377కే అన్నాడు. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు జడ్జీలు, ఇష్టపడిన పెద్దవాళ్ల ప్రేమ నేరం కాదని తేల్చారు. పెళ్లి హక్కు మాత్రం 2023 అక్టోబరులోనూ దక్కలేదు.

అన్నలారా, అక్కలారా! పుట్టుకే తప్పు, ముట్టుకుంటే మైల, పెళ్లాడితే సమాజం చెడుద్ది. ఈ మాటలు మనం ఎరగనివా? మన పిల్లాడు పైకులం పిల్లను చేసుకుంటే కత్తి తీసేదీ ఈ మాటలతోనే కదా! ఆ కత్తికి మన చేత్తో సాన పడదామా? వాడ మీటింగుల్లో ఈ సంగతి తీయండి. ‘కొజ్జా’ అన్న తిట్టు మన నోట రాకూడదు. ఆ పిల్లాడి ఇంటికి నేను రెండుసార్లు పోయొచ్చాను. మూడోసారి మీరూ రండి.

జై భీమ్!