కార్ఖానా ముచ్చట్లు: ఇంటర్‌కూలర్ ఎంతది ఉండాలి?

శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయుల రథం సాగిపోయిన తరువాత నలుగురం ఒక అరుగుమీద చేరాము. అటుగా పోతున్న లారీ వెనుక ‘టర్బో ఇంటర్‌కూలర్’ అని రంగు అక్షరాలతో వ్రాసి ఉన్నది. ఒక పెద్దాయన దానిని చదివి, “ఇదేనా మా కంప్రెసర్‌కు మార్చమని మిస్త్రీ చెపుతున్నది? లారీకి, తువాలు నేసే కార్ఖానాకు ఏమి సంబంధమయ్యా?” అని అడిగారు. సంబంధం ఉన్నదని మేమన్నాము. ఎంత ఉన్నదో అరుగుమీద చెప్పలేకపోయాము గనుక ఈ నెల ఈ పుటలో చెపుతున్నాము.

సైకిలుకు గాలి కొట్టినవారందరూ పంపు అడుగుభాగం వేడెక్కటం ఎరుగుదురు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. లారీ ఇంజనులో టర్బో చేసేది అదే, మన కంప్రెసర్ చేసేదీ అదే. 30 డిగ్రీల గాలిని ఒకే విడతలో సుమారు ఎనిమిది రెట్ల ఒత్తిడికి, అనగా మీటరుమీద 100 పౌన్లకు, తీసుకుపోతే లెక్క ప్రకారం అది 275 డిగ్రీలు దాటుతుంది. రెండు విడతలుగా నొక్కి, నడుమ చల్లబరిస్తే ఒక్కొక్క విడతలో 135 దగ్గరనే ఆగుతుంది. కరెంటు కూడా నూటికి పద్నాలుగు పదిహేను వంతుల దాకా కలిసివస్తుంది. ఆ నడుమ చల్లబరిచే రెక్కల గొట్టమే ఇంటర్‌కూలర్. లారీలో అది చల్లని, చిక్కని గాలిని ఇంజనుకు ఇస్తుంది. మన దగ్గర రెండవ సిలిండరుకు ఇస్తుంది. అంతే తేడా.

మన పేటలలో కంప్రెసర్ లేని కార్ఖానాలు ఇప్పటికీ ఉన్నవి. పాత మరమగ్గానికి దానితో పని లేదు, నూగు ఊదటానికి తప్ప. అక్కలకోట రోడ్డు వైపు ఎయిర్‌జెట్ మగ్గాలు పెట్టినవారికి మాత్రం గాలి నూలంత ముఖ్యం. ఎయిర్‌జెట్ పేకను గాలితోనే తోస్తుంది. ఆ గాలి పొడిగా, నూనె లేకుండా ఉండాలి. అక్కడ పెద్ద యంత్రాలు, వాటికి వేరే ఆరబెట్టే పరికరాలు, చూచుకొనటానికి వేరే మనుషులు ఉంటారు. మేము చెప్పేది చిన్నవారి సంగతి. పది పన్నెండు మగ్గాలు, మూలన ఒక రెండు విడతల కంప్రెసర్, నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలి.

మా ఇంటి కథ చెప్పక తప్పదు. కొన్నేళ్ల క్రితం మా కంప్రెసర్ ఇంటర్‌కూలర్ పగిలింది. పాత సామాను అమ్మే ఒక దుకాణంలో గొట్టం సైజు సరిపోయిన దానిని చవకగా తెచ్చి బిగించాము. “మూతి కుదిరితే చాలు గదా” అనుకున్నాము. చలికాలమంతా బాగానే నడిచింది. చైత్రం వచ్చేసరికి రెండవ సిలిండరు తల ముట్టుకొనరానంతగా కాలసాగింది. వైశాఖంలో వాల్వు విప్పి చూస్తే నూనె మాడి బొగ్గు అట్టకట్టి ఉన్నది. జాబరు ఆ బొగ్గును వేలితో గీకి మావైపు చూచిన చూపు మేము మరువలేదు. అట్లా మాడిన నూనె గొట్టంలోనే అంటుకొన్న ప్రమాదాలు ఉన్నవని అతడు చెప్పాడు. అది నిజమే. మగ్గాలకు, ఆ కంప్రెసర్‌కు నడుమ పిల్లలు ఆడుకొనే వాకిలి ఉన్నది మాకు.

ఇప్పుడు లెక్క. 50 అడుగుల కంప్రెసర్‌లో మొదటి విడత దాటిన గాలి మన ఎండాకాలంలో 150 డిగ్రీలు ఉంటుంది, నిజయంత్రంలో ఇంకొంత ఎక్కువే. దానిని 50 డిగ్రీల చిల్లరకు దింపాలంటే రెండున్నర కిలోవాట్ల వేడిని బయటికి పారవేయాలి. స్నానాల నీళ్ల హీటరు ఒకదానికంటె ఎక్కువే అది, పొద్దంతా. కనుక అమ్మేవానిని “మూతి ఎంత?” అని కాదు, “గది 45 డిగ్రీలు ఉన్నప్పుడు ఇంత గాలిని ఎంతకు దింపుతుంది?” అని అడగాలి. మంచి కూలరు గది వేడికి పైన పది డిగ్రీలలోపు దింపుతుంది. పుస్తకంలో 30 డిగ్రీల గదికి వ్రాసిన లెక్కను మే నెల షోలాపురానికి, రేకుల కప్పు క్రిందికి తెచ్చుకొంటే మోసపోతాము. రెండవ విడతకు పోయే గాలి మూడు డిగ్రీలు ఎక్కువ ఉంటే ఆ విడత కరెంటు సుమారు నూటికి ఒక వంతు పెరుగుతుంది. బిల్లు సంగతి సరే, మా చిన్న కూలరులాగా 90 డిగ్రీల గాలిని వదిలితే రెండవ సిలిండరు నుండి వచ్చేది 215 డిగ్రీలు. మా బొగ్గు పుట్టినది అక్కడ.

అయితే ఎంత పెద్దదైతే అంత మంచిదా? మంచుమీద జారే టర్బో బండ్లు నడిపే దేశాలలో ఇదే ప్రశ్న ఉన్నది. అక్కడ పీల్చే గాలి సున్నకు 15 డిగ్రీలు క్రింద ఉంటుంది. టర్బో దానిని ఒకటిన్నర రెట్లు నొక్కినా 30 డిగ్రీల దగ్గరకే వస్తుంది. అది మన మాఘమాసపు మధ్యాహ్నం. వారికి చిన్న కూలరు చాలు. పెద్దది పెడితే ఆ గొట్టాలన్నీ నిండేదాకా బండి త్రొక్కినదానికి పలకదు. మన కంప్రెసర్‌కు త్రొక్కే బాధ లేదు గనుక పెద్దదానివలన ఆ నష్టం లేదు. మనకు వచ్చే నష్టం నీళ్లు.

ఇది చాలామంది ఎరుగని సంగతి. వానాకాలంలో 28 డిగ్రీలు, నూటికి ఎనభై వంతుల తేమ ఉన్నదనుకోండి. ఘనపు మీటరు గాలిలో 20 గ్రాములకు పైగా నీరు ఉంటుంది. దానిని నొక్కి చల్లబరిస్తే అది గాలిలో నిలువలేదు, బయట పడుతుంది. మన 50 అడుగుల కంప్రెసర్‌లో ఇంటర్‌కూలర్ ఒక్కదానిలోనే గంటకు అరలీటరు దాకా పడవచ్చు, ట్యాంకు దాకా లెక్కిస్తే లీటరుకు పైగా. ఒక పాళీకి ఒక బకెట్టు! పెద్ద కూలరు పెట్టి అడుగున డ్రెయిన్ లేకపోతే ఆ నీరు రెండవ సిలిండరులోకి పోయి నూనెను కడిగి తుప్పు తెస్తుంది. ఆ తుప్పునీరు ఊదే గొట్టంలో నుండి తువాలుమీద ఒక్క చుక్క పడితే ఆ తువాలు రెండవ రకం. షోలాపురం చద్దరుకు, టెర్రీ తువాలుకు 2005–06లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. కొనేవాడు మచ్చను చూస్తాడు గాని గుర్తింపును చూడడు.

మండు వేసవిలో గాలి పొడి గనుక నీళ్లు దాదాపు పడవు. పడుతున్నవంటే కంప్రెసర్ కార్ఖానా లోపలి గాలిని పీలుస్తున్నదని అర్థం. నూలు తెగకుండా లోపల తేమ పెడతాము గదా, ఆ తేమనే అది త్రాగుతున్నది.

మిగిలినది నూగు. టెర్రీ నేసేచోట కూలరు రెక్కలమధ్య అది కంబళిలాగా అట్టకడుతుంది. రెండు నెలలు చూడకపోతే ఎంత పెద్ద కూలరైనా చిన్నదైపోతుంది. అందుకని లెక్కకు వచ్చినదానికంటె ఒక పావువంతు పెద్దది తీసుకొనటం మా అలవాటు. రెక్కలు ఎడంగా ఉన్నది దొరికితే ఇంకా మంచిది. గాలి లోపలికి పోయే దిక్కునుండి ఊదకండి, నూగు ఇంకా లోపలికి పోయి కూర్చుంటుంది. ఎదురు దిక్కునుండి ఊదాలి. ఊదేముందు యంత్రం ఆపాలని వేరే చెప్పనక్కరలేదు గాని, ఒక మామయ్య చేతి కట్టు చూచినందున చెపుతున్నాము.

కూలరు పని చేస్తున్నదో లేదో చేయి పెట్టి చూడవద్దు. రెండు విడతల నడుమ ఉన్న చిన్న మీటరును చూడండి. ట్యాంకులో 100 పౌన్లు ఉన్నప్పుడు అది 26 ప్రాంతంలో ఉండాలి. రోజురోజుకు పైకి పోతున్నదంటే కూలరు మూసుకుపోయి ఉండవచ్చు, లేదా రెండవ విడత వాల్వు కారుతూ ఉండవచ్చు. ముందు రెక్కలు శుభ్రం చేసి చూడండి, అది ఖర్చు లేని పని. అప్పటికీ దిగకపోతే జాబరును పిలవండి.

మేము చివరకు కొత్త కూలరు కొన్నాము, పాతదానికి రెండింతల వెల పెట్టి. దానితోపాటు కంప్రెసర్‌ను లోపలి మూలనుండి పెరటి పంచలోకి, ఉత్తరపు నీడకు మార్చాము. మీటరు 27 దగ్గర నిలిచింది. ఇప్పుడు పెరట్లో ఆ చప్పుడుకు మాట వినపడటం లేదని మా వదినెగారు పోట్లాడుతున్నారు. గోడకు ఆనుకొని ఒక చాటు కట్టాలి. రెక్కలకు గాలి అడ్డం రాకుండా ఎంత ఎడంగా కట్టాలో ఇంకా కొలవలేదు.